సర్ హంఫ్రీ డేవీ

అరకులోయ కొండలనెక్కు రైలింజను నెత్తిమీది చట్రము పై తీగను క్షణకాలము విడిచినచో నీలికాంతి తళుక్కుమనును. ఇనుప తలుపులను అతుకు పనివాని చేతియందును అట్టి కాంతియే మిరుమిట్లు గొలుపును. అందుచేతనే అతడు కన్నులకు నల్లని అద్దము అడ్డము పెట్టుకొనును. ఎడమైన రెండు కొనల నడుమ గాలిగుండ విద్యుత్తు ప్రవహించుటచే ఈ కాంతి కలుగును. దీనికి విద్యుచ్చాపమని పేరు. ఈ వింతను లోకమునకు ప్రదర్శించినవారిలో సర్ హంఫ్రీ డేవీ ప్రసిద్ధుడు.

డేవీ 1778 డిసెంబరు 17వ తేదీన ఇంగ్లండులోని పెన్జాన్సు పట్టణమున జన్మించెను. తండ్రి కొయ్యచెక్కడపు పనివాడు. 1794లో ఆయన మరణింపగా కుటుంబము అప్పులపాలయ్యెను. ఐదుగురు బిడ్డలలో పెద్దవాడగు డేవీ ఒక వైద్యునియొద్ద పనికి కుదిరి, తీరిక వేళలందు రసాయనశాస్త్రమును స్వయముగా అభ్యసించెను. 1801లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనున ప్రవేశించి ఉపన్యాసకుడుగా కీర్తి గాంచెను.

అచట చందాల ధనముతో రెండువేల జతల లోహపు పలకలు గల గొప్ప బ్యాటరీ నిర్మింపబడెను. డేవీ దాని తీగలకు రెండు బొగ్గుముక్కలను తగిలించి, వాని కొనలను దగ్గరచేర్చి, మెల్లగా ఎడము చేసెను. నాలుగంగుళముల మేర వెలుగు వింటివలె పైకి వంగి నిలిచెను. వేడిగాలి పైకి లేచుటయే ఆ వంపునకు కారణము. ఆ వేడిమికి ప్లాటినము సైతము వెన్నవలె కరగెను.

కాని బ్యాటరీ శీఘ్రముగా క్షీణించును, వ్యయమో అధికము. కావున ఆ దీపము నాడు వీథులకెక్కలేదు.

1813లో డేవీ పుస్తకములకు అట్టలు కట్టు మైకేల్ ఫారడే అను యువకుని సహాయకునిగా చేర్చుకొనెను. పేదవాని ప్రతిభను గుర్తించిన ఆ గురువే, 1824లో శిష్యుడు రాయల్ సొసైటీ సభ్యుడగుటను వ్యతిరేకించెను. ఐనను ఫారడే ఎన్నికయ్యెను. డేవీ 1829 మే 29వ తేదీన జెనీవాలో తన యేబదవ యేట మరణించెను.

1831లో ఫారడే అయస్కాంతముచే విద్యుత్తును పుట్టించు మార్గమును కనుగొనెను. దానినుండి డైనమో ఉద్భవించెను. 1858లో ఇంగ్లండునందలి సౌత్ ఫోర్లండు దీపస్తంభమున యంత్రవిద్యుత్తుతో చాపదీపము వెలిగెను. పిమ్మట విద్యుచ్చాపము సినిమాశాలలకు వెలుగునిచ్చెను; లోహముల నతుకుటకు, కొలుములలో ఉక్కును కరగించుటకు సాధనమయ్యెను. అరకునకు పడమట, ఆంధ్ర ఒడిశాల సరిహద్దున, మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రమున 1955లో కొండనీటి వడి యంత్రములను త్రిప్పనారంభించినది ఫారడే చూపిన మార్గముననే.

గురువు ఈర్ష్యపడిన శిష్యుని కృషివలననే గురువు వెలిగించిన చాపము లోకోపకారకమయ్యెను. ప్రతిభను చేరదీయుట గొప్ప గుణము. అది తన్ను మించినపుడు సంతోషించుట అంతకంటె గొప్పది.