హార్వర్డు అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్

కళాశాలలో అడుగు పెట్టిన పదునెనిమిదేండ్ల విద్యార్థి ఏమి చదువవలెనో పెద్దలు నిర్ణయింపవలెనా, తానే నిర్ణయించుకొనవలెనా? పరీక్షా ఫలితములు వెలువడిన వారమున మన యిండ్లలో ఈ ప్రశ్న రాక తప్పదు. తండ్రి యొకటి చెప్పును, మేనమామ వేరొకటి చెప్పును, పిల్లవాని మనసులోని మాట మాత్రము తరచుగా ఎవ్వరును అడుగరు. నూటయేబది యేండ్లకు పూర్వము అమెరికాలో ఒక విద్యాధ్యక్షుడు ఈ ప్రశ్నకు తడబాటు లేక సమాధానము చెప్పెను. చెప్పి యూరకుండక నలుబదియేండ్లు దానిని ఆచరణలో పెట్టెను. ఆయనయే చార్లెస్ విలియం ఎలియట్.

ఎలియట్ 1834 మార్చి 20వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. తండ్రి శామ్యూల్ అట్కిన్స్ ఎలియట్ ఆ నగరమునకు మేయరుగా పనిచేసినవాడు, హార్వర్డు కళాశాలకు కోశాధికారిగా నుండినవాడు. ఇంట సిరి కలదు, గ్రంథములు కలవు. కాని బాలునకు పుట్టుకతోనే చెంప మీద పెద్ద మచ్చ యొకటి యుండెను. తోటి పిల్లలు వెక్కిరించెడివారు. పెద్దవాడైన తరువాత కూడ ఆయన ఛాయాచిత్రములు తరచు రెండవ ప్రక్కనుండియే తీయబడుచుండెను. ఎవరేమన్నను తల వంచని నిబ్బరము, కొందరికి కాఠిన్యముగా తోచిన ఆ బిగువు, ఆయనకు చిన్ననాటి యీ వెక్కిరింతల వలననే అలవడెనని నేననుకొందును.

హార్వర్డు కళాశాల 1636లో, అమెరికా సంయుక్త రాష్ట్రములు ఏర్పడుటకు ఎంతయో పూర్వము, బోస్టనునకు ఏటి కావలనున్న నేటి కేంబ్రిడ్జి పట్టణమున స్థాపింపబడినది. బోస్టను లాటిను పాఠశాలలో చదువు ముగించి, 1849లో ఎలియట్ అందు ప్రవేశించునాటికి ఆయనకు 15 ఏండ్లు. అప్పటి కళాశాల చదువు ఎట్లుండెనో వినినచో మన వీధిబడి జ్ఞప్తికి వచ్చును. లాటిను, గ్రీకు, గణితము అందరికిని తప్పనిసరి. పై తరగతులలో ఎన్నుకొనుటకు అవకాశము కలదు గాని అది మిక్కిలి స్వల్పము. గురువు పాఠము చెప్పుట తక్కువ. విద్యార్థి రాత్రివేళ గ్రంథములో కొన్ని పుటలు చదివికొని, మరునాడు తరగతిలో లేచి ఒప్పజెప్పవలెను. గురువు ఎదుట కూర్చుండి విని ప్రతివానికిని మార్కు వేయును. ఉదయ ప్రార్థనకు రానివానికిని, అల్లరి చేసినవానికిని ఆ మార్కులలోనే కోత. అనగా విద్యార్థికి గ్రీకు వ్యాకరణమెంత వచ్చునో, ప్రార్థనకు అతడెన్నిమారులు రాలేదో, రెండును కలిసి ఒకే అంకెగా తేలుచుండెను!

ఈ పద్ధతిలో ఎలియట్ వెనుకబడినవాడు కాడు. 1853లో తన తరగతి ముందువరుసలో నిలిచి పట్టము పొందెను. కాని ఆయనను మలచిన చదువు ఆ తరగతి గదులలో దొరకినది కాదు. జోసయా కుక్ అను యువ ఆచార్యుడు రసాయనశాస్త్రమును చాలవరకు తనంత తానే నేర్చుకొనినవాడు. కళాశాలలో ఒక చిన్న ప్రయోగశాలను ఏర్పరచుకొని యుండెను. విద్యార్థులు చేతులతో ప్రయోగములు చేయుట అప్పటికి పాఠ్యక్రమములో లేదు. కుక్ ఈ కుర్రవాని ఉత్సాహమును చూచి తన ప్రయోగశాలలోనికి రానిచ్చెను. ఖనిజముల కొరకు తాను చేయు సంచారములకు వెంట తీసికొనిపోయెను. మార్కులు లేవు, ఒప్పజెప్పుట లేదు. కావలెనని వచ్చినవానికి చదువెట్లు పట్టుబడునో ఎలియట్ అచ్చటనే తెలిసికొనెను. ఆయన తరువాత చేసిన సంస్కరణలన్నింటికిని బీజము ఆ చిన్న గదిలో పడినదనుట సాహసము కాదు.

1854లో ఆయన హార్వర్డులోనే గణితోపాధ్యాయుడయ్యెను. నోటితో ఒప్పజెప్పు పరీక్షలకు బదులు వ్రాతపరీక్షలను అచ్చట ప్రవేశపెట్టినవారిలో ఆయన యొకడు. (నేటి విద్యార్థులు ఇందుకాయనను ఎంతవరకు క్షమింతురో చెప్పలేను.) 1858లో వివాహము చేసికొనెను. ఆ యేడే పడవపందెములో హార్వర్డు జట్టున తెడ్డు పట్టి, దూరమునుండి చూచువారు గుర్తించుటకై తమ జట్టువారికి ఎఱ్ఱని రుమాళ్లు కొని తెచ్చెను. హార్వర్డునకు నేటికిని చిహ్నముగా నిలిచిన ఎఱుపు రంగునకు ఆ రుమాళ్లే మూలము.

1863లో ఆయనకు పెద్ద దెబ్బ తగిలెను. తానాశించిన రసాయనశాస్త్ర ఆచార్య పదవి వోల్కాట్ గిబ్స్ అను వేరొక శాస్త్రజ్ఞునకు దక్కెను. నిజము చెప్పవలెనన్న అది అన్యాయము కాదు. పరిశోధనలో గిబ్స్ మిన్న. కాని అప్పటికే తండ్రి ఆస్తి 1857 నాటి ఆర్థిక సంక్షోభములో పోయి యుండెను. ఉద్యోగము లేదు, భార్యాబిడ్డలు కలరు. అట్టి స్థితిలో ఆయన మిగిలిన కొద్దిపాటి ధనముతో కుటుంబమును వెంటబెట్టుకొని ఐరోపాకు పోయి, ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండు దేశములలో పాఠశాలలు, సాంకేతిక విద్యాలయములు, విశ్వవిద్యాలయములు ఎట్లు నడచుచున్నవో రెండేండ్లు పరిశీలించెను. ఆ దినములలోనే లోవెల్ పట్టణములోని ఒక పెద్ద బట్టలమిల్లువారు ఏటికి 5,000 డాలర్ల జీతముతో నిర్వాహక పదవి నిచ్చెదమనిరి. ఆయన వలదని, అంతకంటె చాల తక్కువ రాబడితో, బోస్టనులో నూతనముగా వెలసిన మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1865లో రసాయనశాస్త్రాచార్యుడుగా చేరెను. 1869 ఆరంభమున నూతన విద్యా విధానమును గూర్చి అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఆయన రెండు వ్యాసములు ప్రకటింపగా, హార్వర్డు పాలకుల దృష్టి ఆయనపై బడెను.

అప్పటివరకు హార్వర్డు అధ్యక్షులలో పలువురు మతాచార్యులు. ముప్పదియైదేండ్ల రసాయనశాస్త్రజ్ఞుని ఆ పీఠమున కూర్చుండబెట్టుట పలువురకు రుచింపలేదు. పాలకవర్గము చేసిన ఎన్నికను పర్యవేక్షక సభ మొదట త్రిప్పి పంపెను. పట్టుదల మీద తుదకు అంగీకరించెను. విధి విలాసమేమనగా ఈ పదవి వార్త వచ్చిన ఆ మార్చి మాసముననే ఆయన భార్య ఎలెన్ క్షయవ్యాధితో కన్నుమూసెను. చిన్నబిడ్డలు ఇద్దరిని ఇంట నుంచుకొని, 1869 అక్టోబరు 19వ తేదీన ఆయన అధ్యక్ష పీఠమునుండి రెండు గంటలకు కొంచెము తక్కువగా ప్రసంగించెను. సాహిత్యమునకును శాస్త్రమునకును వైరము లేదనియు, కళాశాలలో అన్నియు ఉత్తమ స్థాయిలో నుండవలెననియు, పందొమ్మిది యిరువది యేండ్ల యువకునకు తన అభిరుచి యేదో, తన శక్తి యేదో తెలిసి యుండవలెననియు ఆ ప్రసంగ సారాంశము.

పని మాత్రము మెల్లమెల్లగా జరిగెను. 1872లో నాలుగవ సంవత్సరపు విద్యార్థులకు నిర్బంధ పాఠ్యములు తొలగెను. 1879లో మూడవ సంవత్సరమువారికి, 1884లో రెండవ సంవత్సరమువారికి తొలగెను. మరుసటి యేడు మొదటి సంవత్సరమువారికి కూడ చాలవరకు సడలినవి. 1897 నాటికి హార్వర్డు కళాశాలలో అందరును చదివి తీరవలసినది మొదటి యేటి ఆంగ్ల రచన యొక్కటియే. ఉదయ ప్రార్థనకు రావలెనను నిర్బంధము 1886లో పోయెను.

ఈ స్వేచ్ఛ విద్యార్థికి మేలు చేసెనా యను వాదము తరువాత. ముందుగా అది మేలు చేసినది ఉపాధ్యాయునకు. అందరును ఒకే పాఠము చదువునపుడు ఎంతటి పండితుడైనను ఏటేట అవే తొలిమెట్లు ఎక్కించుచుండవలెను. కోరి వచ్చినవారు నలుగురున్నను తరగతి నడపవచ్చుననిన, పండితుడు తన విద్యలోని లోతులను చెప్పుటకు వీలు కలుగును. 1861లో ఎలియట్ కడ రసాయనశాస్త్రము చదివిన విలియం జేమ్స్ 1872లో ఆయన పిలుపుపై శరీరధర్మశాస్త్రము చెప్పుటకు వచ్చి, దానినుండి మనశ్శాస్త్రమునకును, అచ్చటినుండి తత్త్వశాస్త్రమునకును నడచిపోయెను. ఎవ్వరును ఆయనను ఆపలేదు. 1880లో చార్లెస్ లాన్మన్ సంస్కృతాచార్యుడుగా వచ్చెను; ఆయన కూర్చిన సంస్కృత వాచకము, 1891లో ఆరంభమైన హార్వర్డు ప్రాచ్య గ్రంథమాల మన దేశపు పండితులకు సుపరిచితములు. లాటిను, గ్రీకు, గణితములే సమస్తమైన పాత కళాశాలలో కాళిదాసునకు చోటెక్కడిది?

ప్రతిపక్షము బలమైనదే. 1885 ఫిబ్రవరిలో న్యూయార్కు నగరమున ప్రిన్స్‌టన్ కళాశాలాధ్యక్షుడు జేమ్స్ మెకాష్ ఎలియట్‌తో ముఖాముఖిగా వాదించెను. స్కాట్లండునుండి వచ్చిన ఆ వృద్ధ తత్త్వవేత్త వాదమిది: కఠినమైన పాఠ్యము మనస్సునకు వ్యాయామము, ఎన్నుకొమ్మనిన కుర్రవాడు సులభమైన దానినే ఎన్నుకొనును, గణితము, ప్రాచీన భాషలు, నీతి తెలియనివానికి పట్టమిచ్చుట మోసము. ఎలియట్ ప్రత్యుత్తరము వేరు మార్గమున సాగెను. నిర్బంధముగా చదివినది మనస్సున నిలువదనియు, ఏ ఇద్దరు విద్యార్థులకును ఒకే మనస్సుండదనియు, ఎన్నుకొనుట నేర్వవలసినవాడు ఎన్నుకొనియే నేర్చుకొనవలెననియు ఆయన తలంపు.

వత్సరములు గడచిన కొలది మెకాష్ భయము సగము నిజమయ్యెను. 1898లో పట్టము పొందినవారిలో సగమునకు పైగా నాలుగేండ్లును ప్రారంభ స్థాయి పాఠములనే చదివిరి. ధనికుల బిడ్డలు సులభమైన తరగతులేవో, ఉదయము నిద్ర చెడగొట్టనివేవో విచారించి వానినే కోరుకొనుచుండిరి. 1903లో ఒక ఉపాధ్యాయ సంఘము విచారింపగా విద్యార్థులు ఇంట చదువు కాలము ఉపాధ్యాయులు అనుకొనినదానికంటె చాల తక్కువని తేలెను. ఎలియట్ చలింపలేదు. సోమరి నిర్బంధ పద్ధతిలోను సోమరియే యని ఆయన నమ్మకము. తనవంటి పట్టుదల అందరికిని పుట్టుకతో వచ్చునని ఆయన తలంచెను. అందరిలో కుక్ ప్రయోగశాలకు నడచిపోయిన పదునేడేండ్ల ఎలియట్టునే చూచెను. ఆయన ఔదార్యము అదియే, పొరపాటును అదియే. ఇంకొక మాట. ఈ స్వేచ్ఛ యంతయు మగపిల్లలకే. బాలికలను కళాశాలలో చేర్చుకొనుటకు ఆయన తొలి ప్రసంగముననే ఒప్పుకొనలేదు; వారికై ప్రక్కనే వేరుగా సాగిన బోధన 1894లో రాడ్‌క్లిఫ్ కళాశాలగా రూపొందెను.

న్యాయ, వైద్య విద్యాలయములలో ఆయన కథ దీనికి తలక్రిందులు. అచ్చట సడలింపు కాదు, బిగింపు. 1870లో లాంగ్‌డెల్‌ను న్యాయ విద్యాలయమునకు పెద్దను చేసెను. వైద్యవిద్యార్థులకు వ్రాతపరీక్షలు పెట్టెను. ఇన్నాళ్లు లేని మార్పు ఇప్పుడెందుకని ఒక వైద్యాచార్యుడు సభలో నిలదీయగా, ఇప్పుడు క్రొత్త అధ్యక్షుడు వచ్చినందుననని ఎలియట్ నెమ్మదిగా బదులు చెప్పెనట.

ఇంతటి ఎన్నికల పక్షపాతికి తన యింటనే ఒక పరీక్ష ఎదురయ్యెను. పెద్దకుమారుడు, తన పేరువాడే, 1882లో హార్వర్డులో పట్టము పొందెను. అడవులు, సముద్రతీరములు, చెట్లు ఆ యువకుని ప్రాణము. ఉద్యానములను, నగర వనములను తీర్చు విద్యను నేర్వవలెనని ఆతని కోరిక. వందలకొలది పాఠ్యములలో దేనినైనను ఎన్నుకొమ్మని తండ్రి చెప్పిన కళాశాలలో కుమారుడు కోరిన పాఠ్యము మాత్రము లేదు! ఆతడు హార్వర్డు వ్యవసాయ విద్యాలయమున తోటపని శాస్త్రము కొంత చదివి, 1883లో ఫ్రెడరిక్ ఓమ్‌స్టెడ్ అను ఉద్యాన నిర్మాత కడ పనివాడుగా చేరి విద్య నేర్చుకొనెను. బోస్టను పరిసరములలోని కొండలు, నదీతీరములు ప్రజల సొత్తుగా నిలిచియుండుటకు ఆతని కృషి ముఖ్యకారణము. 1897లో, 37 ఏండ్లకే, మెదడు జ్వరముతో మరణించెను. ఆతని స్మృతికై 1900లో హార్వర్డున ఆ విద్యకు పాఠ్యక్రమము ఏర్పడెను. తండ్రి కుమారుని కాగితములన్నియు ముందు వేసికొని 700 పుటలకు పైబడిన జీవితచరిత్రను వ్రాసి 1902లో ప్రకటించెను. ఎవరి యెదుటను కరగని మనిషి యని పేరుపడిన ఎలియట్టును ఎరుగవలెనన్న ఆ గ్రంథమే చూడవలెను.

1909లో ఆయన పదవిని విడచునాటికి, తాను వచ్చినపుడు సుమారు 60 మంది గురువులు, 1,000 మంది విద్యార్థులు గల విద్యాలయము 600 మంది గురువులకు, 4,000 మంది విద్యార్థులకు పెరిగి యుండెను. ఆ యేడే మూడేండ్లలో చదువు ముగించి పట్టము పొందినవారిలో ఆయన దూరపు బంధువైన టి. ఎస్. ఎలియట్ ఒకడు. అభిరుచి లేని విషయమును కొంతయైనను చదువనివాడు విద్యావంతుడు కాజాలడని ఆ కవి తరువాతి కాలమున వ్రాయుట చిత్రము. నూతనాధ్యక్షుడు లారెన్స్ లోవెల్ ఐచ్ఛిక పద్ధతిని నెట్టివేయలేదు, కళ్లెము వేసెను. పట్టమునకు కావలసిన 16 పాఠ్యములలో 6 ఒకే విద్యలో లోతుగా చదువవలెను, మరికొన్ని ఇతర విద్యలలో తప్పక చదువవలెను. మన దేశమున 2015 తరువాత డిగ్రీ చదువులలో వచ్చిన ఐచ్ఛిక పద్ధతిలోను ఈ రెండు పాయలు కనిపించును.

ఎలియట్ ఈ మార్పును చూచుచు ఇంకను 17 ఏండ్లు జీవించెను. కళాశాల మెట్లెక్కని వారికై ఉత్తమ గ్రంథములను ఎంచి, అయిదడుగుల అలమరలో ఇముడునట్లు హార్వర్డు క్లాసిక్స్ అను సంపుటములను కూర్చెను. దినమునకు పావుగంట చదివినను చాలునని ఆయన భావము. వేసవులు మెయిన్ రాష్ట్రపు సముద్రతీరమున గడపెడివాడు. ఆ తీరమును అందరికై కాపాడవలెనని కుమారుడు ఒకప్పుడు వ్రాసిన వ్యాసము ఆతని కాగితములలో తండ్రికి దొరకెను. 1901లో ఇరుగుపొరుగువారిని పిలిచి ఒక ధర్మకర్తల సంఘమును ఏర్పరచి, కొండ కొండగా, తీరము తీరముగా భూమిని సేకరించెను. 1919లో అది జాతీయ వనమయ్యెను. నేడు దానిని అకేడియా అందురు. 1926 ఆగస్టు 22వ తేదీన, 92 ఏండ్ల వయస్సున, ఎలియట్ ఆ తీరముననే తన వేసవి యింట కన్నుమూసెను.