ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ

మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతపు బడులలో పాఠం చెప్పే ఉపాధ్యాయునికి నడుమ నడుమ ఒక క్షణం ఆగడం అలవాటే. హకీంపేటనుండియో, దుండిగల్‌నుండియో లేచిన శిక్షణ విమానం తలమీదుగా సాగిపోతుంది. పిల్లల కళ్ళు కిటికీకేసి తిరుగుతాయి. ఆ వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి సుబ్రతో ముఖర్జీ.

ఆయన 1911 మార్చి 5న కలకత్తాలో జన్మించారు. ఇంగ్లండులోని క్రాన్‌వెల్ కళాశాలలో శిక్షణ పొంది, 1932లో అధికారి అయినారు. 1933 ఏప్రిల్ 1న కరాచీలో మొదటి స్క్వాడ్రన్ ఏర్పడింది. 6గురు అధికారులు, 19మంది హవాయి సిపాయిలు, 4 వాపిటీ విమానాలు: దళమంతా అంతే.

వాపిటీలో సీట్లు రెండే, పైన కప్పు లేదు. ముందు పైలట్, వెనుక తుపాకి పట్టిన సైనికుడు. నేలమీద వారి హోదాలకు ఎంత ఎడమున్నా, గాలిలో ఒకరి ప్రాణం మరొకరి చేతిలో ఉండేది. 1939లో ముఖర్జీ ఆ స్క్వాడ్రన్‌కు నాయకుడయ్యారు. మరుసటి ఆగస్టులో, వాయవ్య సరిహద్దున మీరాన్‌షా ప్రాంతంలో, మన సైనికుల చిన్న స్థావరాన్ని పఠాను తెగలవారు ముట్టడించారు. లోపల వైర్‌లెస్ లేదు, తూటాలు అడుగంటాయి. పైనుండి ఆ దుస్థితిని గ్రహించిన ముఖర్జీ, వెనుక సీటులోని కర్తార్ సింగ్ తమ వెనుక తుపాకిలోని తూటాలనే ఊడదీసి, మేజోళ్ళలో నింపి, విమానాన్ని బాగా కిందికి దించి స్థావరంలో జారవిడిచారు. సహాయం అందేవరకు ఆ సైనికులు నిలదొక్కుకున్నారు. తూటాలు తీసిన తుపాకితో శత్రువుల తలలమీదుగా అంత తక్కువ ఎత్తున ఎగరడానికి పైలట్ ఆజ్ఞ ఒక్కటే చాలదు. వెనుకనున్నవాడు మనసా ఒప్పుకోవాలి. ముఖర్జీ అధిష్ఠించిన పదవులన్నిటికంటె ఈ మేజోళ్ళ సంగతే నాకు పెద్దదిగా తోస్తుంది.

1947 విభజనలో ఆ మొదటి స్క్వాడ్రన్ ఆస్తి పాకిస్థాన్‌కు పోయింది. దాని సంఖ్యను మనవారు 1953లో పునరుద్ధరించారు. దళం పక్వమయ్యేవరకు ఆంగ్ల సేనానులనే ఉంచడం మేలని నెహ్రూకు ముఖర్జీయే సలహా యిచ్చారంటారు. ఆ పీఠం ఆయనకు 1954 ఏప్రిల్ 1న దక్కింది.

ఫుట్‌బాల్ అంటే ఆయనకు ప్రాణం. మన బడిపిల్లలెరిగిన సుబ్రతో కప్ ఆయన ఆలోచనే. అది 1960లో మొదలైంది. ఆ నవంబరు 8న టోక్యోలో భోజనం చేస్తూండగా ముద్ద గొంతుకడ్డుపడి ఆయన కన్నుమూశారు. వయస్సు 49.

దుండిగల్ అకాడమీలో శిక్షణ 1971లో మొదలైంది. ఆయన దానిని చూడలేదు. 1977లో ఆయన భార్య శారదా ముఖర్జీ ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాదు వచ్చేనాటికి అక్కడ యువకులు ఎగరడం నేర్చుకుంటూనే ఉన్నారు.