జిల్లా జడ్జిని నియమించేదెవరు? జస్టిస్ కోకా సుబ్బారావు గారి జీవితం

జస్టిస్ కోకా సుబ్బారావు గారి పేరు వినగానే చాలామందికి 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు గుర్తుకొస్తుంది. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు ఆయన ఇచ్చిన మరో తీర్పు గురించి కూడా తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాము. అది జిల్లా జడ్జీల నియామకానికి సంబంధించినది.

సుబ్బారావు గారు 1902 జూలై 15న రాజమహేంద్రవరంలో పుట్టారు. తండ్రిగారు వకీలు. మద్రాసు లా కాలేజీలో చదివి, మామగారైన పి. వెంకటరమణారావు నాయుడు గారి దగ్గర జూనియరుగా చేరారు. కొన్ని నెలలు బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేశారు. పొలం గట్టు తగాదా, ప్రోనోటు బాకీ వంటి చిన్న దావాలు మొదట వచ్చేది మునసబు కోర్టుకే. ఆ తరువాత మళ్ళీ మద్రాసులో ప్రాక్టీసు చేసి, 1948లో అక్కడి హైకోర్టు జడ్జి అయ్యారు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఆయన పుట్టేనాటికి మన ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోని ఏజెన్సీ. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, సివిల్, క్రిమినల్ అధికారాలను గవర్నరు ఏజెంటుకు అప్పగించింది. ఆ ఏజెంటు జిల్లా కలెక్టరే. శిస్తు వసూలు చేసే అధికారే తగాదా కూడా తీర్చేవాడు. సర్కారు మీద ఫిర్యాదు ఉన్నవాడు ఆ సర్కారు మనిషి ముందే నిలబడవలసి వచ్చేది.

సుబ్బారావు గారి ముందుకు వచ్చిన చంద్రమోహన్ కేసులో ఉన్నదీ ఇదే ప్రశ్న. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జిల్లా జడ్జి స్థాయి పదవులకు ఒక సెలెక్షన్ కమిటీ ద్వారా మనుషులను ఎంపిక చేసింది. వారిలో కొందరు వకీళ్ళు. మరికొందరు పేరుకు జుడీషియల్ ఆఫీసర్లే గాని, రెవెన్యూ, మేజిస్ట్రేటు పనులు చూసే కార్యనిర్వాహక శాఖ వారు. 1966 ఆగస్టు 8న సుబ్బారావు గారి నాయకత్వంలోని ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ నియమాలు చెల్లవని తేల్చింది. రాజ్యాంగం 233వ అధికరణం ప్రకారం గవర్నరు సంప్రదించవలసింది హైకోర్టును. మధ్యలో కమిటీని పెట్టి ఆ సంప్రదింపును నామమాత్రం చేయరాదు. జిల్లా జడ్జి న్యాయశాఖ నుంచి గాని, ఏడేళ్ళు ప్రాక్టీసు చేసిన వకీళ్ళ నుంచి గాని రావాలి.

ఆ తీర్పుతో పాత నియామకాలు, ఆ జడ్జీలు ఇచ్చిన తీర్పులు ప్రశ్నార్థకమయ్యాయి. వాటిని కాపాడడానికి పార్లమెంటు అదే ఏడాది 20వ సవరణ చేసి 233ఎ అధికరణం చేర్చవలసి వచ్చింది. ముందుకు మాత్రం సుబ్బారావు గారు చెప్పిన సూత్రమే నిలిచింది.

1967 ఏప్రిల్‌లో ఆయన పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేసి, జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. 1976 మే 6న కన్నుమూశారు.

ఇప్పుడు జయపురంలోను, రాయగడలోను జిల్లా జడ్జి కోర్టులు ఉన్నాయి. కింది కోర్టుల అప్పీళ్ళు వినే అధికారం వారిది. సెషన్స్ జడ్జిగా మరణశిక్ష కూడా వేయగలరు, అయితే హైకోర్టు దాన్ని ఖరారు చేయాలి. ఇంత అధికారం ఉన్న కుర్చీలో కూర్చునేవారు కలెక్టరాఫీసు కింద ఉద్యోగి కాకూడదన్నదే ఆ తీర్పు సారం.

మన పిల్లల్లో లా చదివేవారు ఒడిశా జుడీషియల్ సర్వీసు పరీక్ష వైపు చూడాలని మా మనవి. దానికి ఒడియా చదవడం, రాయడం బాగా రావాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చిన మన పిల్లలకు అది కష్టమేమీ కాదు. సుబ్బారావు గారు జడ్జి కుర్చీలో మొదట కూర్చున్నది బాపట్ల మునసబు కోర్టులోనే.