పూటకూళ్ల తల్లి సుబ్బమ్మగారు

టంగుటూరి ప్రకాశము పంతులుగారి నెఱుగనివా రరుదు. ఆయనను గన్న సుబ్బమ్మగారిని దలచువారు కొలదిమంది. పంతులుగారు 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిరి. ఆయనకు 11 ఏండ్ల ప్రాయమున తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించిరి. బిడ్డలతో ఒంగోలు చేరి సుబ్బమ్మగారు పూటకూళ్లయిల్లు పెట్టిరి. అన్నము నమ్ముకొని బ్రతుకుట తలవంపని లోకము తలంచిన కాలమది. పస్తులకు రాని బంధువులు నిందకు వత్తురు గదా! ఆమె వెఱవలేదు, కొడుకు చదువుమీదనే గుఱి నిలిపిరి.

మిడిలు పరీక్షకు 3 రూపాయల రుసుము కావలసివచ్చెను. ఇంట నంతపైకము లేదు. ఆమె తన పట్టుచీర కుదువబెట్టి రుసుము సమకూర్చిరి. లెక్కకు మూడే రూపాయలు. ఆ గృహమున వాని విలువ యెంతయో యిల్లాండ్రకు దెలియును.

పిమ్మట గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు రాజమహేంద్రవరమునకు పోవుచు శిష్యుని వెంటగొనిపోయిరి. ఆ బాలుడే బారిష్టరై, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యయ్యెను.