పాల్కురికి సోమనాథుడు

పాల్కురికి సోమనాథుడు తెలుగు సాహిత్యంలో శివకవి యుగానికి చెందిన మహాకవి, వీరశైవ మత ప్రచారకుడు. నన్నెచోడుడు, మల్లికార్జున పండితారాధ్యుడు, సోమనాథుడు – ఈ ముగ్గురిని శివకవిత్రయం అని వ్యవహరిస్తారు. బసవపురాణం, పండితారాధ్య చరిత్రము ఇతని ప్రధాన కృతులు. దేశి ఛందస్సైన ద్విపదకు కావ్యగౌరవం కల్పించిన ఘనత ఇతనిదే.

జననం, వంశం

సోమనాథుని స్వస్థలం పాలకుర్తి. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో భాగమైన ఈ ఊరు 2016 నుండి జనగామ జిల్లాలో ఉన్నది. పోతన జన్మస్థలంగా ప్రసిద్ధి చెందిన బమ్మెర కూడా ఈ మండలంలోనిదే. కవి కాలం గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. కాకతీయ రుద్రదేవుని (1158–1195) కాలం వాడని కొందరు, రెండవ ప్రతాపరుద్రుని (1289–1323) కాలం వాడని మరికొందరు వాదించారు.

వంశం విషయంలో వివాదం ఇంకా ఆసక్తికరమైనది. బసవపురాణంలో సోమనాథుడు విష్ణురామిదేవుడు, శ్రియాదేవి దంపతుల వాత్సల్యానికి పాత్రుడైన బిడ్డనని చెప్పుకున్నాడు. మరొకచోట తాను భృంగిరిటి గోత్రుడనని, గురులింగార్యుని కుమారుడనని, తనది శివకులమని ప్రకటించాడు. భృంగిరిటి శివుని ప్రమథగణంలోనివాడు. అనగా ఋషిగోత్రాన్ని విడిచి శివగణాన్నే గోత్రంగా, దీక్షనిచ్చిన గురువునే తండ్రిగా స్వీకరించాడన్నమాట. దీనిని బట్టి ఇతడు పుట్టుకతో బ్రాహ్మణుడని కొందరు, జంగముడని బండారు తమ్మయ్య వంటి వారు వాదించారు. పుట్టింటి ఆనవాలు చెరిపివేయడమే దీక్షితుని ధర్మమని నమ్మిన కవి విషయంలో ఈ వివాదం తెగకపోవడంలో వింత లేదు.

రచనలలో భక్తి, బంధుత్వం

ఏడు ఆశ్వాసాల బసవపురాణంలో ఈ విశ్వాసమే కథారూపం పొందింది. తండ్రి మాదిరాజు ఉపనయనం చేయబూనగా బాలబసవడు తిరస్కరిస్తాడు. శివభక్తునికి మరొక సంస్కారం అక్కరలేదని తండ్రితో వాదించి, ఇల్లు విడిచి వెళ్ళిపోతాడు. కంచిలోని సిరియాలుడు జంగమ వేషంలో వచ్చిన శివుని కోరిక తీర్చడానికి భార్య అంగీకారంతో కన్నకొడుకునే వండి వడ్డిస్తాడు. చివరకు బాలుడు సజీవుడై తిరిగి వస్తాడు. తనను మించిన భక్తుడు లేడని సిరియాలుడు గర్వించగా, నిమ్మవ్వ అనే భక్తురాలి కథతో ఆ గర్వం అణుగుతుంది. జంగములకై వండినది ముందుగా తిన్నాడని ఆమె తన కొడుకును చంపుతుంది.

నేటి పాఠకునికి ఈ కథలు కఠినంగా తోచడం సహజమే. అయితే సోమనాథుడు బంధాలను కేవలం తెంచలేదు. వాటిని దేవుని వైపు మళ్ళించాడు కూడా. బెజ్జమహాదేవి కథ ఇందుకు చక్కని ఉదాహరణ. శివునికి తల్లి లేదని, ఉండి ఉంటే బిడ్డను బూడిద పూసుకొని శ్మశానంలో తిరగనిచ్చేది కాదని తలచి, ఆమె తానే శివునికి తల్లియై లాలిస్తుంది. గొడగూచి అనే చిన్నపిల్ల శివుడు పాలు త్రాగలేదని బెంగపడుతుంది. ఇటువంటి ఘట్టాలలో కవి వాడిన జాను తెనుగు ఇంటి మాటలకు అతి సమీపంగా ఉంటుంది.

పండితారాధ్య చరిత్రములో దీక్షా, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణాలు అనే ఐదు భాగాలున్నాయి. ఇందులోని కథానాయకుడు మల్లికార్జున పండితుడు బసవేశ్వరుని ఎంతో అభిమానించినా బ్రాహ్మణ్యంతో సంబంధాన్ని వదులుకోలేకపోయాడు. ఈ ఇద్దరి చరిత్రలనూ సోమనాథుడే వ్రాశాడు. అతడు మాత్రం బసవని మార్గాన్నే అనుసరించాడు.

అనుభవసారం, చతుర్వేదసారం, వృషాధిప శతకం, బసవోదాహరణం ఇతని ఇతర రచనలు. సంస్కృతంలో సోమనాథభాష్యం వ్రాశాడు.

తరువాతి కాలం

బసవపురాణాన్ని భీమకవి 1369లో కన్నడంలోకి అనువదించాడు. పిడపర్తి సోమనాథుడు దానినే తెలుగులో పద్యకావ్యంగా రచించాడు. ద్విపదలో ఉన్నదని ఓరుగల్లులో ఒక బ్రాహ్మణుడు బసవపురాణాన్ని ప్రతాపరుద్రుని ఎదుట చులకన చేశాడనే గాథ ఒకటి ప్రచారంలో ఉన్నది. సోమనాథుడు చివరిదశలో స్వస్థలాన్ని విడిచి కన్నడ దేశానికి వెళ్ళి, బెంగుళూరు సమీపంలోని మాగడి ప్రాంతపు కల్య గ్రామంలో శివైక్యం చెందాడని సంప్రదాయం చెబుతున్నది.