పర్లాకిమిడి పంతులుగారు

ఉద్యోగం చాలించుకొన్న పంతులుగారికి మన లోకం ఏనాడో ఒక స్థానం ఏర్పరచి పెట్టింది. వీధి అరుగు, పడకకుర్చీ, ఒడిలో భాగవతం, సాయంకాలం గుడి వరకు నడక, దారిలో పాత శిష్యుడెవరైనా ఎదురైతే కుశలప్రశ్న. అంతకు మించి ఆయన నుండి ఎవరూ ఏమీ కోరరు. ఊరి వ్యవహారాలలో ఆయన తలదూర్చితే, పెద్దతనపు చాదస్తమని నవ్వుకొంటారు కూడాను. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో 30 ఏండ్ల ఉపాధ్యాయత్వం ముగించి 1911లో స్వచ్ఛందంగా విశ్రాంతి తీసుకొన్నప్పుడు ఆయన వయస్సు 48 ఏండ్లకు అటూ యిటూ. ఆ అరుగు ఆయన కోసమూ సిద్ధంగానే ఉన్నది. ఆయన దానిమీద కూర్చోలేదు. ఆ తరువాత జీవించిన 29 ఏండ్లలో ఆయన తీరికగా గడిపిన కాలం బహు స్వల్పం.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి చోడవరంలో ఉద్యోగం చేస్తూ 1875లో విషజ్వరంతో మరణించడంతో, పన్నెండేండ్ల పిల్లవాడు విజయనగరంలో మేనమామగారి పంచ చేరి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొన్నాడు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ అయినది. ఇంటి భారం మీదపడిన యువకునికి పైచదువుల ఆశ ఎక్కడిది? 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారానికి చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడుగా, నెలకు 30 రూపాయల జీతం మీద చేరారు. ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు ఉద్యోగం చేసుకొంటూనే ప్రైవేటుగా పూర్తిచేశారు. బి.ఏ.లో చరిత్రలో మొదటి తరగతి వచ్చింది.

పర్లాకిమిడి మహేంద్రగిరి శ్రేణుల చెంత, మహేంద్రతనయా తీరాన ఉన్న చిన్న పట్టణం. జమీందారీ ముఖ్యస్థానం కావడంవల్ల కోట, కచేరి, పాఠశాల అమరినవి. రైలుబండి సైతం అక్కడికి 1900లో గాని రాలేదు. నౌపడా నుండి వేసిన ఆ చిన్నదారి రాజావారి చలవే. తెలుగు, ఒరియా అక్కడ వీధి వీధినా కలిసి వినిపించేవి. వాటితోపాటు మూడవ మాట ఒకటి ఉండేది. అది కొండల మీది నుండి దిగివచ్చే సవరలది. ఊరివారి చెవిని అది పడుతూనే ఉండేది గాని, దానిని ఒక భాషగా లెక్కించినవారు అరుదు.

సవర కొండసరుకు తెచ్చి అమ్ముకొనేటప్పుడు గాని, కచేరిలో గోడు చెప్పుకొనేటప్పుడు గాని అతని నోటికి మారుగా మధ్యవర్తి నోరు పనిచేసేది. మధ్యవర్తి చెప్పినదే సవర చెప్పినది; మధ్యవర్తి విన్నదే అధికారి విన్నది. ఇందులో ఎంత అన్యాయానికి తావున్నదో వేరే చెప్పనక్కరలేదు. ఆ మాట నేర్చుకొంటే తప్ప ఆ అన్యాయం పోదని రామమూర్తిగారికి తోచింది. ఇందుకు ఆయనను నియోగించినవారు లేరు, జీతమిచ్చినవారు లేరు. తెలుగూ సవరా రెండూ తెలిసిన మనిషిని ఇంట ఉంచుకొని, చిన్నపిల్లవాడు అక్షరాభ్యాసం చేసినట్లు ఒక్కొక్క మాటే పట్టుకొన్నారు. సవర ద్రావిడ భాష కాదు, సంస్కృతానికి చుట్టమూ కాదు. ముండా కుటుంబానికి చెందినది. పండితుడు నేర్చిన వ్యాకరణమేదీ అక్కడ అక్కరకు రాదు. లిపి లేదు. గొంతులో బిగపట్టి విడిచే ధ్వనులు కొన్ని ఉన్నవి. వాటికి మన అక్షరమాలలో గుర్తులే లేవు. పాశ్చాత్యుల ధ్వనిశాస్త్ర గ్రంథాలు స్వయంగా చదువుకొని, సెలవు దొరికినప్పుడల్లా కొండలెక్కి సవరల ఊళ్లలో వారి మధ్య కూర్చుండి, విన్న పలుకును విన్నట్లు వ్రాసుకొనేవారు.

ఆ మన్యపు తిరుగుడుకు వెల చెల్లించవలసివచ్చింది. విషజ్వరం పట్టుకొన్నది. దానికి విరివిగా వాడిన క్వినైను వినికిడిని హరించింది. జీవితమంతా మనుష్యుల నోటిమాటను వినడానికే అంకితం చేసిన మనిషికి చెవులు పోవడం కంటె క్రూరమైన సంగతి మరొకటి ఉండదు. ఆయన పని మాత్రం ఆగలేదు. సవరభాషలో తెలుగు లిపితో వాచకాలు, కథలు, పాటలు సిద్ధపరిచారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతాలు తామే ఇచ్చి, సవరపిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆ పుస్తకాలకు పారితోషికం ఇస్తామని మద్రాసు ప్రభుత్వం కబురుచేస్తే, ఆ సొమ్ముతో సవరలకు ఒక మంచి బడి నడపమని అడిగినట్లు ప్రతీతి. 1913లో ప్రభుత్వం ఆయనకు రావుబహదూర్ బిరుదమిచ్చింది.

పుట్టినచోటి మీద మక్కువ ఆయనచేత మరొక పని చేయించింది. ముఖలింగం దేవాలయపు గోడలమీది శాసనాలు ఎవరికీ అర్థంకాని గీతలుగా పడివుండగా, పాత లిపులు తమంతట తాము నేర్చుకొని చదివారు. గాంగరాజుల రాజధాని అయిన కళింగనగరం మరెక్కడో లేదనీ, ఈ ముఖలింగమేననీ వాదించారు. నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. చరిత్ర పంతులు తన జిల్లా చరిత్రను తానే త్రవ్వి తీసుకోవడమన్నమాట!

ఇక వ్యావహారిక భాషోద్యమం సంగతి. దీని గురించి పాఠకులు ఎరిగినదే ఎక్కువ గనుక విస్తరించనక్కరలేదు. అయితే అది కూడా బడిగదిలోనే మొదలైనదని గుర్తించాలి. 1907లో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, పిల్లలు మాట్లాడే తెలుగొకటి, పుస్తకంలో చదివే తెలుగొకటి కావడమేమని విచారించసాగారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి రామమూర్తిగారిని మించిన అర్హుడు లేడు. కొండపిల్లవానికి వాని మాటలోనే చదువు చెప్పాలని అంతకుముందే నిశ్చయించుకొన్న మనిషికి, తెలుగుపిల్లవానికి వేరొక న్యాయం ఎట్లా కుదురుతుంది? గురజాడ, శ్రీనివాస అయ్యంగారు, యేట్స్, గిడుగు నలుగురూ ఒకటైనారు. స్కూలు ఫైనలు వ్యాసరచన ఆధునిక భాషలో కూడా ఉండవచ్చునని ప్రభుత్వం కొంతకాలం సమ్మతించింది. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వాన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదుర్కొన్నది. ప్రభుత్వం వెనుకకు తగ్గింది.

ఓటమి చూసి నీరసించే స్వభావం కాదు ఆయనది. నన్నయ మొదలుకొని కావ్యాలన్నీ, తాళపత్రాలలోని వచనాలన్నీ గాలించి ప్రయోగాలు ఎత్తిచూపారు. 1913లో ఆధునికాంధ్రంపై ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన పత్రం ప్రకటించారు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పర్లాకిమిడి నుండే వెలువరించారు. అది ఏడాదితో ఆగిపోయినది. సభలకు పిలిచినా వెళ్ళేవారు, పిలవకపోయినా వెళ్ళేవారు. పుస్తకాల మూట ముందు పెట్టుకొని గంటల తరబడి ప్రసంగించేవారు. చెవుడు ఇక్కడ ఒక విధంగా ఆయనకు కవచమైనదని చెప్పవచ్చును. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు, రామమూర్తిగారు కార్యదర్శి. గ్రాంథికానికి పెట్టినపేరైన వీరేశలింగంగారు, కన్నుమూయడానికి మూడునెలల ముందు ఈ పక్షం చేరడం పెద్ద విజయం.

ఈ కీర్తి అంతా తెలుగుదేశంలో వ్యాపిస్తున్న కాలంలోనే, ఆయన ఇంటిముందటి వీధికి ఒక ఆపద వచ్చిపడింది.

ఒరియా మాట్లాడే ప్రాంతాలన్నీ కలిపి ప్రత్యేక రాష్ట్రం ఏర్పరచాలని ఒరియావారు చిరకాలంగా కోరుతున్నారు. ఆ కోరికలో అధర్మం లేదు. నాలుగు పరిపాలనల కింద చెదరి, అంతటా తక్కువ సంఖ్యవారై బాధపడిన జాతి అది. చిక్కల్లా సరిహద్దు దగ్గర వచ్చింది. రెండు భాషలు కలిసి బ్రతికే ఊళ్ళలో గీత ఎక్కడ గీయాలి? పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవుగారు ఒరిస్సా ఉద్యమానికి మూలస్తంభం. లండన్‌లో రౌండు టేబులు సమావేశంలో ఆ వాదం వినిపించినవారు. తమ జమీందారీ కొత్త రాష్ట్రంలో ఉండాలని ఆయన పట్టుదల. 1933లో ప్రభుత్వం ప్రకటించిన శ్వేతపత్రం పర్లాకిమిడిని ఒరిస్సాకు ఇవ్వలేదు. 1934లో పార్లమెంటు సంయుక్త సంఘం ఆ నిర్ణయం మార్చి, జమీందారీలో ఒక భాగాన్ని పట్టణంతో సహా ఒరిస్సాకు ఇవ్వాలని చెప్పింది.

తెలుగువారి పక్షాన దీనికి ఎదురునిలిచిన నాయకుడు రామమూర్తిగారు. అప్పటికి ఆయనకు 70 దాటినవి. ఆయన ఎదుర్కొన్నది ఎవరిని? రాజావారి బడిలో 30 ఏండ్లు జీతం తీసుకొన్న మనిషి. ఆ ఊళ్ళో రాజావారి మాటకు ఎదురు చెప్పి నిలవడం ఎంత కష్టమో జమీందారీల సంగతి తెలిసినవారికి తెలుసును. పైగా అదే 1934లో ప్రభుత్వం ఆయనకు కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకం ఇచ్చి సన్మానించింది. పతకం పుచ్చుకొని ఊరకుంటే అడిగేవారు లేరు. ఆయన వాదం మాత్రం పాతదే: ఏ జనం ఏ మాట మాట్లాడుకొంటారో ఆ మాటలోనే వారి చదువూ కచేరీ సాగాలి. సవరల విషయంలో 40 ఏండ్ల క్రితం అన్నది, తెలుగుపిల్లల విషయంలో పాతికేండ్లుగా అన్నది, ఇప్పుడు తన ఇరుగుపొరుగుల విషయంలో అన్నారు. రాజ్యాంగ వ్యవహారాలలో ఒక ఉపాధ్యాయుని మాటకు, ఒక మహారాజు మాటకు ఉండే తూకం వేరు. పర్లాకిమిడి పోయినది.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. ఆ ప్రారంభోత్సవాన్ని పర్లాకిమిడిలో ఉండి చూడరాదని రామమూర్తిగారు నిశ్చయించుకొన్నారు. ఆ ఉదయమే ఊరు విడిచిపెట్టారు. పదిహేడేండ్లైనా నిండీ నిండని వయస్సులో బ్రతుకుతెరువుకై వచ్చిన పట్టణం. 56 ఏండ్లు నివసించిన పట్టణం. ఆ ఊరి పిల్లలకు, ఆ పిల్లల పిల్లలకు చదువు చెప్పినది అక్కడే. 73వ యేట, వినికిడి లేని వృద్ధుడు, ఒక జీవితకాలపు పుస్తకాలతో, కాగితాలతో రాజమహేంద్రవరం చేరుకొన్నారు. నేల మాత్రం అట్టే దూరం జరగలేదు. మహేంద్రతనయకు ఆవలనున్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. రైలుబండిలో దానికి తరువాత వచ్చే స్టేషను పర్లాకిమిడి. పాతపట్నంలో నిలిచిపోతే పాత ఇల్లు కంటికి దగ్గరగా ఉండేది గదా అని ఈనాడు ఎవరికైనా అనిపించవచ్చు. అట్లా సగం దూరంలో నిలిచే మనిషి ఆయన కాదు.

ఊరు వదలినారు గాని కొండలను వదలలేదు. సవరల కొండలు చాలావరకు ఒరిస్సాలోనే చేరినవి. వారితో ఇక ఏ ఉద్యోగబంధమూ లేదు, రాకపోకలకు ఒంట్లో శక్తీ లేదు. ఆయన సవర వ్యాకరణం 1931లోనే అచ్చయింది. మిగిలినది నిఘంటువు. గోదావరి ఒడ్డున ఉంటూ ఆ పని కొనసాగించారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. తొలి మాట ఆయన వినేనాటికి చెవులు బాగా పనిచేసేవి. పుస్తకం అచ్చై చేతికి వచ్చేనాటికి 75వ యేడు, సవర మాట్లాడే మనిషి దగ్గరలో లేడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ సంవత్సరమే ఆయనకు కళాప్రపూర్ణ బిరుదమిచ్చింది.

1940 జనవరి 15వ తేదీన ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకుల ఎదుట మాట్లాడారు. ప్రభుత్వమూ విశ్వవిద్యాలయాలూ ఇంకా వాడుకభాషకు తలుపు తెరవనందువల్ల, జనం చదివే పత్రికలైనా జనం మాటలో వెలువడాలని విన్నవించుకొన్నారు. అప్పటికి ఒంట్లో సత్తువ లేదు. వారం తిరిగి, జనవరి 22న మరణించారు.