వస్తాదు చెయ్యెత్తని రోజు

మచిలీపట్నం:
బందరు వస్తాదు తోట నరసయ్యనాయుడు గోదాలో రాటుదేలిన మనిషి. కసరత్తు వల్ల నొప్పి తెలియకుండా పోదు. దానిని మరికొంతసేపు ఓర్చుకొనే శక్తి మాత్రం వస్తుంది. దండీలు, బస్కీలు తీసి, మట్టిలో పదేపదే పడి లేచే మల్లయోధులందరికీ అది అనుభవమే. అయితే కుస్తీలో పట్టుకు పట్టు వేయవచ్చు, ఓటమి ఒప్పుకొని బయటికి రావచ్చు. సత్యాగ్రహికి ఆ రెండు దారులూ లేవు.

ఉప్పు సత్యాగ్రహం ఉధృతంగా సాగుతున్న 1930లో కోనేరు సెంటర్‌లో జాతీయ జెండా ఎగురవేయడానికి నాయుడు ముందుకు వచ్చారు. పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. ఎంతటివారినైనా ఎత్తి పడవేయగల చేతులవి. బలహీనుడు దెబ్బలు తినడం వేరు, వస్తాదు తినడం వేరు. ఆయన ఎదురు తిరగలేదు, వెనక్కీ తగ్గలేదు. స్పృహ తప్పి పడిపోయేదాకా జెండా కోసమే పెనుగులాడారు.